1,87,000 మైళ్లు తిరిగిన మియాటా ట్రాక్‌కు సిద్ధమవుతోంది

కారు 1999 నాటి మాజ్డా ఎమ్‌ఎక్స్-5 మియాటా. రెండో తరం, 1.8 లీటర్ల ఇంజిన్, అయిదు గేర్లు, మడిచే గుడ్డ టాపు. మీటరు 1,87,000 మైళ్లు చూపిస్తోంది, అంటే మూడు లక్షల కిలోమీటర్లు. కొత్తలో 140 హార్స్‌పవర్ అని కంపెనీ చెప్పింది. ఇప్పుడు అందులో ఎంత మిగిలిందో కొలిపించే ఉద్దేశం నాకు లేదు. ఉత్తర కాలిఫోర్నియాలో విల్లోస్ అనే ఊరి దగ్గరున్న థండర్‌హిల్‌లో దీన్ని నడపాలన్నది కోరిక. మూడు మైళ్ల ట్రాకు, పదిహేను మలుపులు. ఫ్రీమాంట్‌లోని మా ఇంటి నుంచి రెండున్నర గంటల ప్రయాణం.

ట్రాక్ డే అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు, పందెం కాదని ముందే చెప్పాలి, ఎందుకంటే మా బంధువర్గంలో ఈ అనుమానం ఇంకా తీరలేదు. బహుమతులు ఉండవు. అనుభవాన్ని బట్టి డ్రైవర్లను జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు. ముందున్నవాడు చెయ్యి చూపిస్తేనే దాటాలి, అదీ వాళ్లు చెప్పిన చోటే.

ఈ కారు గురించి విన్నవాళ్లంతా మొదట అడిగేది, పవర్ ఎంత పెంచుతున్నావని. ఏమీ పెంచడం లేదు. రోడ్డు మీద ఏ ఇంజినైనా పూర్తి బలంతో పనిచేసేది కొన్ని క్షణాలే. ట్రాక్ మీద ఇరవై నిమిషాలపాటు అదే పని. పాతికేళ్ల కారులో ఆ వేడికి ముందు లొంగేది ఇనుము కాదు, రబ్బరు, ప్లాస్టిక్, పాతబడిన ఆయిళ్లు. నా దృష్టిలో మైళ్లకంటే వయసే ప్రమాదం. అందుకే డబ్బు ముందుగా బ్రేకులకు, కూలింగ్‌కు, చక్రాల బేరింగులకు, రోల్ బార్‌కు (కారు బోల్తా పడితే తలను కాపాడే ఉక్కు కమ్మీ) వెళ్లింది. ఆ తర్వాత పర్సులో ఏదైనా మిగిలితే చూద్దాం.

జనవరి

నెలంతా చూడటమే, విప్పింది తక్కువ. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి, నాలుగు సిలిండర్లలోనూ 168 నుంచి 176 పీఎస్‌ఐ మధ్య వచ్చింది. ఈ వయసు ఇంజిన్‌కు అంకె ఎంత ఉందన్నదానికంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం, ఉన్నాయి.

1999, 2000 మోడళ్ల ఇంజిన్లలో క్రాంక్ షాఫ్ట్ నిలువునా జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ అరిగిపోవడం తెలిసిన జబ్బు. దాన్ని పట్టుకోవడానికి ఇంజిన్ విప్పనక్కర్లేదు. ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతూ ఉంటే, ఇంకొకరు ముందు నుంచి క్రాంక్ పుల్లీని గమనించాలి. పుల్లీ ముందుకూ వెనక్కూ కదలడం కంటికే కనిపిస్తే కారు అమ్మేయడమో, ఇంజిన్ దించడమో. మాకు కంటికి ఏమీ కనిపించలేదు. సన్నటి కదలికను కొలిచే డయల్ గేజ్ పెడితే 0.2 మిల్లీమీటర్లు చూపింది. 0.3 దాటనంత వరకూ గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు.

రేడియేటర్ మాత్రం ఖాయంగా పోవాల్సిందే. దీని పై ట్యాంకు ప్లాస్టిక్‌ది, కొత్తలో నల్లగా ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ గోధుమ రంగుకో, ఆకుపచ్చ కలిసిన మట్టి రంగుకో తిరుగుతుంది. నాది ఇంగువ ముద్దలా తయారైంది. ఆ రంగు వచ్చాక అది ఎప్పుడు పగులుతుందన్నదే ప్రశ్న.

గేర్‌బాక్స్ పక్కన, ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగును వేలితో కొంచెం పక్కకు లాగితే చెమ్మ తగిలింది. మియాటాల్లో ఇది తరచూ పోయే భాగం, చవక కూడా. మార్చేశాను. గేర్ లివర్ కింద ఉండే రెండు రబ్బరు తొడుగులూ చిరిగి ఉన్నాయి. సీట్ల మధ్య వేడిగాలి, ఆయిల్ వాసన ఎందుకొస్తున్నాయో అప్పుడు అర్థమైంది. అవి కొత్తవి వేస్తూ, లివర్ గుంతలో ఉండే ఆయిల్ కూడా మార్చాను. గేర్లు పడే తీరే మారిపోయింది.

ఫిబ్రవరి

టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే పట్టీ. ఈ ఇంజిన్‌లో అది తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, ఇంజిన్ ఆగిపోతుందంతే. అయినా అది ఆగే చోటు నిండు వేగంలో ఉన్న మలుపు కాకూడదు. వాటర్ పంపు తీయాలన్నా ఆ బెల్ట్ విప్పాల్సిందే కాబట్టి రెండూ కలిపి మార్చడమే తెలివి. చెయ్యి పెట్టినప్పుడే క్యామ్ సీళ్లు, ముందు క్రాంక్ సీల్, బెల్ట్‌ను బిగువుగా ఉంచే ఐడ్లర్, టెన్షనర్ అన్నీ అయిపోవాలి. విడిభాగాల ఖర్చు కంటే మళ్లీ విప్పే శ్రమ ఎక్కువ.

అల్యూమినియం రేడియేటర్, కొత్త థర్మోస్టాట్, హోస్ పైపులన్నీ. హీటర్ పైపులను చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే అవి ఇంజిన్ వెనకాల గోడ దగ్గర, చెయ్యి పట్టని చోట ఉంటాయి. నిజానికి ముందు మార్చాల్సినవి అవే.

ఇక్కడ ఈ ఇంజిన్ స్వభావం గురించి కొంచెం చెప్పాలి. దీన్ని మొదట ముందు చక్రాలతో నడిచే మాజ్డా కార్ల కోసం అడ్డంగా కూర్చునేలా తయారుచేశారు. ఆ కార్లలో కూలెంట్ ఇంజిన్‌కు ఒక కొసన లోపలికి వెళ్లి రెండో కొసన బయటికి వచ్చేది. మియాటాలో నిలువుగా అమర్చేటప్పుడు బయటికి వచ్చే దారిని కూడా పంపు ఉన్న ముందు వైపుకే తెచ్చారు. దాంతో వెనకున్న నాలుగో సిలిండర్‌కు చల్లదనం తక్కువ అందుతుంది. రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు, ట్రాక్ మీద ఉంది. ఆ దారిని మళ్లీ వెనక్కి మార్చే కిట్లు దొరుకుతాయి. నేను ఇప్పుడే కొనలేదు. ముందు అసలు ఉష్ణోగ్రత ఎంత వస్తుందో చూడాలి.

చూడాలంటే డాష్‌బోర్డ్ మీదున్న సూదిని నమ్మకూడదు. చాలా విస్తారమైన పరిధిలో అది మధ్యలోనే కదలకుండా నిలబడేలా కంపెనీయే చేసింది. అది లేచేసరికి ఆలస్యమైపోతుంది. ఆయిల్ ప్రెషర్ మీటరు ఇంకా ఘనం: అది మీటరు వేషం వేసుకున్న స్విచ్. కాస్త ప్రెషర్ ఉంటే చాలు, సూది ఒకేచోట ఆగుతుంది. కాబట్టి రెండింటికీ సెన్సార్లతో అసలైన గేజ్‌లు బిగించాను. ఈ కారుకు పెట్టిన ఖర్చులో అన్నిటికంటే ఫలితం ఇచ్చినవి ఇవే.

మార్చి

బ్రేకులకు మనిషి సాయం కావాలి. మా వీధిలో కూతురి ఇంటికి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైనవారు. బానెట్ తెరిచి ఉంటే ఆయన వాకింగ్ ముందుకు సాగదు. అడగకముందే పొడవాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఆల్టర్నేటర్ బేరింగ్ మీద తీర్పు ఇచ్చేశారు. ఇంకో ఏడాది వస్తుందట.

ముందు డిస్కులు 255 మిల్లీమీటర్లవి, చిన్నవే. కారు బరువు ఒక టన్నుకు కాస్త అటూ ఇటూ కాబట్టి ప్యాడ్లను డిస్కుకు నొక్కే కంపెనీ క్యాలిపర్లే సరిపోతాయి, వాటిలో వేసేవే మారాలి. మామూలు డిస్కులు, ట్రాక్ ప్యాడ్లు. గాడులు, రంధ్రాలు ఉన్న డిస్కులు చూడటానికి బాగుంటాయి. రంధ్రాల దగ్గర పగుళ్లు మొదలవడం కూడా చూడొచ్చు.

వెనుక క్యాలిపర్‌లో ఒక కిటుకుంది. హ్యాండ్ బ్రేక్ యంత్రాంగం లోపలే ఉండటంతో పిస్టన్‌ను సీ-క్లాంప్‌తో నొక్కకూడదు. క్యాలిపర్ వెనక ఒక బోల్టు మూతలా ఉంటుంది. అది తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల ఎలన్ కీ పట్టే స్క్రూ. దాన్ని తిప్పి పిస్టన్‌ను వెనక్కి తీసుకోవాలి. కొత్త ప్యాడ్లు పెట్టాక డిస్కును తాకేదాకా బిగించి, మూడో వంతు చుట్టు వదలాలి. పెడల్ మెత్తగా ఉందని బాధపడే మియాటా యజమానుల్లో సగం మంది ఈ స్క్రూను ఎప్పుడూ ముట్టుకుని ఉండరని నా అభిప్రాయం.

బ్రేక్ ఆయిల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. గాలిలో తేమ పీల్చుకున్నాక అదే 140కి దిగవచ్చు. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలదాకా వెళ్తుంది, కారు మాత్రం ముందుకే పోతుంది. నేను మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 పోశాను. కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీలు, తేమ పట్టాక కూడా 200 పైనే. ట్రాక్ వాడకంలో ఏడాదికి ఒకసారైనా మార్చాలి.

"తొక్కండి బాబాయిగారూ."

"తొక్కాను. పట్టుకున్నాను."

నేను పాత ఆయిల్, గాలి బయటికి పోయే బ్లీడర్ నట్టు పావు చుట్టు వదులుతాను, సన్నటి గొట్టంలోంచి టీ రంగు ఆయిల్, మధ్యలో ఒక బుడగ, మళ్లీ బిగింపు. "ఇప్పుడు వదలండి." మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనుక చక్రంతో మొదలుపెట్టి ముందుకు వచ్చాం. ఎడమ ముందు చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు మొదలుపెట్టారు. "మా బస్సుల్లో గాలి లేకపోతే బ్రేకులు పనిచేయవని జీవితమంతా గాలి నింపాం. నువ్వేమో ఒక్క బుడగ కోసం నన్ను ఇంతసేపు తొక్కిస్తున్నావు."

ఏప్రిల్

మియాటా ముందు హబ్‌లు (చక్రం బిగించే, బేరింగు ఉండే దిమ్మలు) ట్రాక్ మీద అరిగే వస్తువులే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కుడివైపు టక్కుమంది. రెండూ మార్చాను. షాక్ అబ్జార్బర్లు కొత్తవి, స్ప్రింగులు పాతవే. కంట్రోల్ ఆర్మ్ బుష్‌లలో వెనకవే పగిలి ఉన్నాయి, అవి మాత్రం వేశాను.

అలైన్‌మెంట్: ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ 2.5 డిగ్రీలు, వెనుక మైనస్ 2, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ముందు సున్నా, వెనుక కొంచెం లోపలికి. టైర్లు 205/50ఆర్15, ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె, తగ్గేకొద్దీ జిగురు ఎక్కువ) 200 రకం. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంతకంటే జిగురు టైర్లు వద్దంటాను. పట్టు ఎక్కువైతే తప్పులు కనిపించవు, బేరింగులు మాత్రం లెక్క రాసుకుంటాయి. చక్రాల నట్లు టార్క్ పానాతో 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య. నేను 110 పెడతాను.

గట్టి టాపు లేని కారుకు రోల్ బార్ లేకుండా చాలా నిర్వాహకులు అనుమతి ఇవ్వరు. పెట్టాక చీపురు కర్ర పరీక్ష ఉంటుంది. బార్ పైనుంచి ముందు అద్దం చట్రం పైకి తిన్నటి కర్ర పెడితే, హెల్మెట్ దాని కిందే ఉండాలి. నేను పొడగరిని, హెల్మెట్ కర్రకు తగిలింది. పరిష్కారం చవకైనదే: సీటు కవరు విప్పి, కింది స్పాంజిని రొట్టె కోసే కత్తితో రెండంగుళాలు కోశాను. హెల్మెట్‌కు స్నెల్ సంస్థ కార్ల కోసం ఇచ్చే ఎస్‌ఏ ముద్ర ఉండాలి. మోటార్‌సైకిళ్ల కోసం చేసిన ఎమ్ ముద్ర హెల్మెట్లను కార్ల ట్రాక్ డేల్లో చాలాచోట్ల ఒప్పుకోరు. సైలెన్సర్ జోలికి పోలేదు. ఎప్పటికైనా లగూనా సెకా అనే ఇంకో కాలిఫోర్నియా ట్రాక్‌కు వెళ్లాలని ఆశ. అక్కడ చాలా రోజుల్లో శబ్దం పరిమితి 90 లేదా 92 డెసిబెల్సే.

మామూలు ఇన్సూరెన్స్ పాలసీ ట్రాక్ మీద జరిగే నష్టాన్ని సాధారణంగా భరించదు. కాగితం తీసి చదవండి. కారు పోయినా ఫరవాలేదనుకుంటే వెళ్లవచ్చు, లేకపోతే ఆ ఒక్క రోజుకు విడిగా పాలసీ తీసుకోవచ్చు.

మే

థండర్‌హిల్ వెళ్లొచ్చాం, కారు తన కాళ్ల మీదే ఇంటికి వచ్చింది. డిక్కీలో జాకీ, టార్క్ పానా, గాలి గేజ్, బ్రేక్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, పాత ప్యాడ్లు, తాగే నీళ్లు, పులిహోర.

టైర్లలో ఉదయం చల్లగా 26 పీఎస్‌ఐ. మొదటి సెషన్ అయ్యాక 33. 31కి దించాను, మధ్యాహ్నానికి మళ్లీ కొంచెం దించాల్సి వచ్చింది. పెట్రోలు ట్యాంకు సగానికి పైనే ఉంచాను. తగ్గితే పొడవాటి మలుపుల్లో పంపుకు అందక ఇంజిన్ దగ్గుతుంది. చివరి ల్యాపు బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిప్పి, ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్‌లో వదిలి, చక్రానికి చెక్క ముక్క పెట్టాను. వేడి డిస్కును ప్యాడ్లు పట్టుకుని ఉండకూడదు.

అయిదో మలుపు సైక్లోన్ అంటారు. గుట్ట ఎక్కుతుంటే ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనిపించదు, శిఖరం దగ్గరే తిరగాలి. పక్కన కూర్చున్న శిక్షకుడు చెయ్యి ఊపుతున్నా నా కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేచిపోయింది. ఇంకా లేస్తోంది.

బ్రేక్ పెడల్ సాయంత్రం దాకా గట్టిగానే ఉంది. ముందు ప్యాడ్లు సమానంగా అరిగాయి, అంటే క్యాలిపర్ పిన్నులు సరిగా కదులుతున్నాయి. పవర్ స్టీరింగ్ పైపు ఒకటి చెమర్చింది. కూలెంట్ ఉదయం 94 డిగ్రీల దగ్గర ఆగింది. మధ్యాహ్నం ఎండలో 104కి ఎక్కింది. ఇంజిన్‌ను నిమిషానికి 7,000 చుట్ల దాకా తిప్పకుండా 6,000 దగ్గరే గేర్ మారిస్తే ఒక ల్యాపులో 98కి దిగింది. డాష్‌బోర్డ్ సూది ఇంతసేపూ మధ్యలోనే కూర్చుంది.

విల్లోస్‌లో జూలై ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. కాబట్టి అప్పటిలోగా కూలెంట్ దారి మార్చే కిట్, రేడియేటర్ చుట్టూ గాలి పక్కకు పోకుండా అల్యూమినియం రేకులు, ఆ స్టీరింగ్ పైపు. కిట్ బిగించాలంటే ఇంజిన్ వెనక చెయ్యి దూర్చాలి. బాబాయిగారి వీసా ఆగస్టు దాకా ఉందట.