పనిముట్ల చిట్టా రాసుకోవడం గురించి

ఇంట్లో చిన్న పనిశాల ఉన్న ప్రతి ఒక్కరూ తమ పనిముట్లకు ఒక చిట్టా రాసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. డెల్టాలో ఉండేవారికి ఆ అవసరం మరీ ఎక్కువ. ఇక్కడి గాలిలోని తేమ ఇనుమును నిలవనివ్వదు, వానాకాలంలో గోదావరి ఎప్పుడు పొంగుతుందో తెలియదు, పైగా ఊళ్ళో పనిముట్టు అనేది ఒక ఇంటిని అంటిపెట్టుకుని ఉండదు. పేరు, సంఖ్య మాత్రమే రాసి వదిలేసిన చిట్టా వీటిలో దేనికీ అక్కరకు రాదు. ఏది ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది, ఏ స్థితిలో ఉంది అని అడిగితే వెంటనే జవాబు చెప్పగలిగినప్పుడే ఆ పుస్తకానికి విలువ.

మా ఇల్లు కోనసీమలో, వైనతేయ పాయకు దగ్గరగా ఉంటుంది. కొబ్బరితోట, కొంత వరిచేను, వాటికి కావలసిన మోటార్లు, పైపులు, ఇంటి తలుపులు, మంచాలు, వీటి మరమ్మతులన్నీ వెనుక వసారాలోనే జరుగుతాయి. నాన్నగారి వడ్రంగి సామాను, అంటే బాడిస, ఉలులు, చిత్రిక, చేతి బర్మా, మూలమట్టం, ఆయన ఆయిల్ ఇంజనుకు వాడిన పానాలు, ఆ తరువాత నేను కొన్న డ్రిల్లు, గ్రైండరు, వెల్డింగ్ మిషను అన్నీ అక్కడే ఉన్నాయి. రెండు తరాల సామాను ఒకచోట చేరినప్పుడు దేని వయసు ఎంతో, దేనికి ఏ జాగ్రత్త కావాలో మనసులో పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

మొదట తేల్చుకోవలసింది పుస్తకం ఏ వరుసలో నడవాలన్నది. రకాన్ని బట్టి, అంటే సుత్తులన్నీ ఒకచోట, రంపాలన్నీ ఒకచోట రాయడం చూడటానికి బాగుంటుంది గాని, సరిచూసుకునే రోజున ఒక్కొక్క పేరుకూ వసారా అంతా తిరగవలసి వస్తుంది. నేను చోటును బట్టి రాస్తాను. తూర్పు గోడకు ఒక పేజీ, కిటికీ కింది సొరుగులకు తలా ఒక పేజీ, ఇనుప పెట్టెకు ఒకటి, అటకకు ఒకటి, తోటలోని మోటారు షెడ్డుకు ఒకటి. గోడ ముందు నిలబడి ఆ పేజీ తెరిస్తే, ఎడమ నుంచి కుడికి కంటికి కనబడే వరుసే పేజీలోనూ ఉంటుంది కనుక లేని వస్తువు వెంటనే తెలిసిపోతుంది. ఒక్కొక్క వస్తువుకు పేరు, కొలత, గుర్తు సంఖ్య, కొన్న సంవత్సరం, స్థితి రాసి, కుడి చివర వెడల్పైన గడి ఒకటి ఖాళీగా వదులుతాను. ఈ పుస్తకానికి ప్రాణం ఆ ఖాళీ గడిలోనే ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను. పేర్లు మాత్రం ఇంట్లో అందరూ పిలిచేవే రాస్తాను, ఎందుకంటే నేను ఊళ్ళో లేనప్పుడు మా ఆవిడ గాని, మా అబ్బాయి గాని పుస్తకం చూసి వస్తువు తీయగలగాలి.

కంప్యూటరులో పట్టిక కూడా ఉంచుతాను, కాని దాని పని వేరు. విద్యుత్ పనిముట్ల సీరియల్ నంబర్లు, బిల్లుల ఫొటోలు, వారంటీ ముగిసే తేదీలు అందులో ఉంటాయి. ఇప్పుడు చాలా దుకాణాల్లో ఇచ్చే బిల్లు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతుంది. దాని మీది అక్షరాలు ఎండకూ వేడికీ వెలిసిపోతాయి. అందుకే కొన్న రోజునే బిల్లునూ, మిషను మీది ప్లేటునూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకోవాలి. ఇంటి సామానుకు బీమా చేయించుకున్నవారికి, నష్టం జరిగినప్పుడు ఫలానా వస్తువు తమ దగ్గర ఉండేదని చూపడానికి ఈ ఫొటోలు ఎంతో సాయపడతాయి. వసారాలో రోజువారీ వాడకానికి మాత్రం అట్ట పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు చాలు. గ్రీజు చేతులతో ఫోను తీసి రాయడం కుదిరే పని కాదు, పెన్సిలు రాత తడిసినా అలుక్కుపోదు.

చిట్టా రాయడంలో నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించింది పానాల పేజీ. ఇప్పుడు దుకాణంలో దొరికే సెట్టులో 10-11, 12-13, 14-15 అంటూ రెండు కొసలకూ మిల్లీమీటర్ల కొలతలుంటాయి. వాటిని రాయడంలో చిక్కేమీ లేదు. నాన్నగారి ఇంజను పానాల తీరు వేరు. వాటిలో కొన్నిటి మీద 3/8 డబ్ల్యూ వంటి గుర్తులున్నాయి. ఇవి 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మర కొలతలకు చెందినవి. ఆ అంకె పానా నోటి వెడల్పును గాక బోల్టు కాండం మందాన్ని చెబుతుంది. వర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 3/8 డబ్ల్యూ పానా నోరు సుమారు 18 మిల్లీమీటర్లు వస్తుంది. మరికొన్నిటి మీద నోటి వెడల్పే అంగుళాల్లో ఉంటుంది. 3/4 అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు కనుక ఆ పానాను 19 నట్టుకు నిశ్చింతగా వాడవచ్చు. 1/2 అంగుళం అంటే 12.7, అర అంగుళం వెడల్పున్న పాత నట్టుకు 13 పానా వేస్తే ఎక్కడో కొంచెం వదులు ఉంటుంది, తుప్పుతో బిగుసుకుపోయిన నట్టయితే పానా జారి దాని మూలలు అరిగిపోతాయి, ఇక ఆ నట్టును శానంతో, అంటే ఇనుము కోసే ఉలితో కోయడం తప్ప దారి ఉండదు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, పాత ఇంజన్లు, పాత పంపులు ఉన్న చోట రెండు రకాల బోల్టులూ చేతికి తగులుతూనే ఉంటాయి. అందువల్ల పానా మీద ఉన్న గుర్తును ఒక గడిలోనూ, నేను కొలిచిన నోటి వెడల్పును మిల్లీమీటర్లలో పక్క గడిలోనూ రాశాను. తోటలో మోటారు దగ్గర నిలబడి నట్టు కొలిచి ఫోనులో చెబితే, ఇంటి దగ్గర ఉన్నవారు ఆ పేజీ చూసి సరైన పానా పంపగలుగుతున్నారు.

గుర్తు సంఖ్య వేయడం గురించి కూడా కొంత ఆలోచించాలి. స్టీలు సామాను మీద పేర్లు చెక్కించే అలవాటు మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. పాత్రల దుకాణాల్లో ఉండే ఆ చెక్కుడు మిషనే పానా కాండం మీద కూడా చక్కగా పనిచేస్తుంది. మా ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన పుస్తకంలోని సంఖ్య చెక్కించాను. ఉలి అంచు, ఆకురాయి వంటి గట్టి ఉక్కు మీద మాత్రం సుత్తితో కొట్టే నంబరు పంచీ వాడకూడదు. పదును పట్టిన ఉక్కు పెళుసుగా ఉంటుంది కనుక దెబ్బకు పెచ్చు లేచి కంట్లో పడే ప్రమాదం ఉంది, పంచీ ముఖమూ పాడవుతుంది. వాటికి పిడి మీద గుర్తు పెట్టాలి. పిడులన్నిటికీ ఒకే రంగు పట్టీ వేయడం వల్ల ఇంకొక లాభం కూడా ఉంది: పందిరి వేసేటప్పుడో, గుడి మరమ్మతు జరిగేటప్పుడో పదిమంది సామాను కలిసిపోతుంది, సాయంత్రం ఎవరివి వారు ఏరుకోవడానికి ఆ రంగే ఆనవాలు.

ఇక ఆ ఖాళీ గడి సంగతి. ఊళ్ళో పనిముట్టు ఎరువడగడం తప్పు కాదు, ఉండి కూడా ఇవ్వకపోవడాన్నే తప్పుగా చూస్తారు, అలా చూడటం సబబేనని నేనూ అనుకుంటాను. పైపు రెంచి, పొడవాటి నిచ్చెన, గ్రైండరు వంటివి ప్రతి ఇంట్లోనూ కొనవలసిన అవసరం లేదు. వీధికొకటి ఉంటే చాలు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇచ్చినవారికి గుర్తుండదు, తీసుకువెళ్ళినవారు తిరిగి ఇచ్చేశామనే అనుకుంటారు, ఈలోగా వస్తువు మూడో ఇంటికి చేరి ఉంటుంది. అడగడానికి వీరికి మొహమాటం, అడిగించుకోవడం వారికి చిన్నతనం. ఒక పైపు రెంచి దగ్గర మాటా మాటా పెరిగి దగ్గరి బంధువులు చాలాకాలం పలకరించుకోకపోవడం నేను ఎరుగుదును. కుడి గడిలో పేరు, తేదీ, వస్తువుతో పాటు ఏమేమి వెళ్ళాయో రాసి ఉంటే ఆ పరిస్థితి రాదు. డ్రిల్లు వెళ్ళినప్పుడు బిట్టును బిగించే చక్ తాళం, పక్క పిడి, బిట్లు కూడా వెళ్ళాయని రాయాలి. ఎందుకంటే డ్రిల్లు ఎప్పుడూ తిరిగి వస్తుంది, రానిది చక్ తాళమే. గోడకు వాడే కార్బైడ్ మొన బిట్లనూ, ఇనుముకు వాడే హెచ్.ఎస్.ఎస్. బిట్లనూ వేరు వేరు డబ్బాల్లో పెట్టి, ఏ పనికో అడిగి తెలుసుకుని ఆ డబ్బాతోనే ఇస్తాను. ఇనుము బిట్టుతో గోడకు రంధ్రం వేస్తే కాసేపట్లోనే దాని మొన మాడి మొద్దుబారుతుంది.

నేను మనిషి ముందే రాస్తాను, వీలైతే వారి చేతనే రాయిస్తాను. “బాబాయ్, ఇక్కడ మీ పేరు, ఇవాళ్టి తేదీ వేయండి, ఇంకెవరైనా అడిగితే మీ దగ్గరుందని చెబుతాను” అంటే ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు. కొందరైతే వస్తువు తెచ్చి ఇచ్చేటప్పుడు వారే పుస్తకం అడిగి తమ పేరు కొట్టేసి వెళ్తున్నారు. ఇంట్లో ఎవరికో అనుమానమున్నందువల్ల గాక, పద్ధతి అందరికీ ఒకటే అయినందువల్ల అది మర్యాదగానే నిలిచింది. సొంత తమ్ముడు తీసుకువెళ్ళినా రాయాలి. అతనికి మినహాయింపు ఇస్తే మిగిలినవారి పేరు రాసే హక్కు మనకు ఉండదు.

స్థితి గడిలో ‘బాగుంది’ అని రాయడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఉలికి నోటి పెచ్చు, పిడి వదులు. చిత్రికకు అడుగు చదును. గ్రైండరుకు కార్బన్ బ్రష్షులు ఎంత మిగిలాయన్నది. ఇలా ఆ వస్తువు ఎక్కడ చెడుతుందో అదే రాయాలి. అన్నిటికీ ఉమ్మడి శత్రువు తుప్పు. గాలిలో సాపేక్ష తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. సముద్రం దగ్గర ఉండే ఊళ్ళల్లో గాలితో వచ్చే ఉప్పు ఇనుము మీద చేరి తేమను లాగి పట్టి ఉంచుతుంది. అందుకే నూనె రాసిన తేదీని కూడా ఈ గడిలోనే వేస్తాను. ఉలులకు, పానాలకు పలుచగా మిషను ఆయిల్ రాసిన గుడ్డతో తుడిస్తే చాలు. ఆకురాళ్ళకు మాత్రం నూనె రాయను. పళ్ళ సందుల్లో పొడి చేరి పట్టు తప్పుతుంది కనుక ఒక్కొక్కదాన్ని పొడి కాగితంలో విడిగా చుట్టి పెడతాను. ఇన్వర్టరు బ్యాటరీ ఉన్న గదిలో పనిముట్లు పెట్టడం అసలు మంచిది కాదు. ఛార్జి అయ్యేటప్పుడు వచ్చే ఆమ్లపు ఆవిరి ఎంత నూనె రాసినా ఇనుమును తినేస్తుంది.

వరద కోసం పుస్తకంలో ఇంకొక గడి ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. పైన భద్రాచలం దగ్గర అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు వస్తాయి కనుక, అక్కడి అంకె వినగానే మనకు కొంత వ్యవధి దొరుకుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వెళ్ళింది. 1986 ఆగస్టు వరదలో అది 35 లక్షలు దాటింది. అటువంటి వేళ ఏది ముందు తీయాలని ఆలోచిస్తూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు, మనుషులు, పశువులు, ధాన్యం ముందుగా చూసుకోవాలి. అందుకే ఒక్కొక్క వస్తువు పక్కన 1, 2, 3 అని వేసి ఉంచాను. మొదటి హెచ్చరికకు తోటలోని మోటారు, స్టార్టరు ఇంటికి రావాలి, ఎరువిచ్చినవి ఎక్కడున్నాయో తెలుసుకోవాలి. రెండోదానికి విద్యుత్ పనిముట్లన్నీ అటక మీదికి ఎక్కాలి. మూడోదానికి కింది సొరుగులు ఖాళీ కావాలి. వైసు, దాగలి వంటి బరువైనవాటికి అంకె లేదు. వాటికి గ్రీజు దట్టంగా పూసి అక్కడే వదిలేయడమే. నీరు తీసిన తరువాత మునిగిన ఇనుప సామానును ఒండ్రు ఎండక ముందే మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. మునిగిన డ్రిల్లును గాని, గ్రైండరును గాని పైకి ఆరినట్టు కనిపించినా ప్లగ్గులో పెట్టకూడదు. వైండింగ్ మెకానిక్ చేత విప్పించి ఆరబెట్టించి, కరెంటు బయటికి లీకవుతుందేమో చూసే మెగ్గర్‌తో పరీక్ష చేయించిన తరువాతే వాడాలి.

మేకులు, మరమేకులు, ఉప్పు కాగితం వంటివాటికి లెక్క రాయను. ఎంత మిగిలితే కొత్తవి కొనాలో డబ్బా మీద గీత పెడితే సరిపోతుంది. జిగురు డబ్బా మీద మూత తీసిన తేదీ వేస్తే చాలు. వెల్డింగ్ రాడ్లు తేమ పీల్చకుండా మూత బిగించిన డబ్బాలో పెట్టాలి.

ఈ పుస్తకాన్ని ఏడాదికి రెండుసార్లు మొత్తం సరిచూస్తాను. ఒకటి, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు. అప్పుడు పొలం పని తక్కువ, వరద ఇంకా రాలేదు. రెండోది మహర్నవమికి. ఆయుధ పూజకు సామానంతా ఎలాగూ దిగుతుంది, పూజ వేళకు ఎవరి వస్తువు వారింట్లో ఉండాలన్న పట్టింపు ఊళ్ళో ఇంకా ఉంది గనుక ఎరువు వెళ్ళినవి కూడా అడగకుండానే తిరిగి వస్తాయి. పసుపు కుంకుమలు పిడుల మీదే పెడతాము, తడి పసుపు ఇనుము మీద ఆరిపోతే ఆ మేరకు తుప్పు మచ్చ పడుతుంది. ఈసారి నవమికి రంపాల పేజీలో అంగుళానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టి రాయాలి. అడ్డంగా కోసే రంపం ఏదో, పొడవునా చీల్చే రంపం ఏదో తెలియక అడిగినవారికి చేతికందింది ఇవ్వడం అక్కడితో ఆగుతుంది.