హాల్ప్ ద్రై అంటే రెండున్నర

గుంటూరు వచ్చి మూడు వారాలైంది. రోజూ సాయంత్రం ఆరింటికి బ్రాడీపేటలో మా డాబా మీద చాప వేసుకుని, పక్కింటి పిన్నిగారి అమ్మాయీ నేనూ జర్మన్ చదువుతున్నాం. ఆ పిల్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, జర్మనీ వెళ్ళడం కోసం విజయవాడలో కోర్సుకి వెళ్తోంది. పొద్దున్నే రైలెక్కుతుంది. నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ దాటేలోపు క్రియాపదాలు ఒకసారి, కృష్ణ మీద బ్రిడ్జి ఎక్కాక ఇంకోసారి వల్లె వేసుకుంటుందట. ఎండలో తిరిగొచ్చి కాసేపు పడుకుని, సాయంత్రం పుస్తకాలు పట్టుకుని మా మెట్లెక్కుతుంది. జర్మన్ చదువుకి ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లుంటాయి, ఏ1 మొదటిది. తనకి ఏ2 అయింది, బీ1 నడుస్తోంది. నర్సుగా అక్కడ పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 అడుగుతారు కాబట్టి ఇంకా దూరం ఉంది.

మొదటిరోజు తన నోట్‌బుక్ చూపించింది. ప్రతి జర్మన్ వాక్యం కింద ఇంగ్లీషు వాక్యం, దాని కింద పెన్సిల్‌తో, చెరిపేయడానికి వీలుగా, తెలుగు.

"మధ్యలో ఈ ఇంగ్లీషు ఎందుకే?" అన్నాను.

"అలాగే రాసుకుంటారక్కా అందరూ. తెలుగు నా కోసం రాసుకున్నా."

ఆ పెన్సిల్ గీతలు చూస్తే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది.

మేం జర్మనీలో నూరెంబర్గ్ వెళ్ళింది 2021 చివర్లో. మావారికి బ్లూ కార్డు, అంటే పెద్ద చదువున్న ఉద్యోగులకి అక్కడ ఇచ్చే అనుమతి, వచ్చింది. బ్లూ కార్డు ఉన్నవాళ్ళ భార్యకి వీసా కోసం ముందుగా ఏ1 పరీక్ష రాయాల్సిన పని లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోయేది. నాకు గడిచేది కాదు. బేకరీలో వేలు పెట్టి చూపించి కొనుక్కునేదాన్ని, ఉత్తరాలొస్తే ఫొటో తీసి ఆయనకి పంపేదాన్ని.

ఆ చలికాలంలో పాపకి చెవినొప్పి వచ్చింది. పిల్లల డాక్టరు దగ్గరికి ఫోన్ చేశాను. అవతల ఆవిడ నెమ్మదిగానే "హాల్ప్ ద్రై" అంది. హాల్ప్ అంటే సగం, ద్రై అంటే మూడు. అంతవరకు నాకు తెలుసు. మూడున్నర అనుకుని మూడుంబావుకే పాపని ఎత్తుకుని వెళ్ళాను. అక్కడికి వెళ్ళాక గోడ గడియారం చూపించి, మీ టైం అయిపోయిందన్నారు. హాల్ప్ ద్రై అంటే మూడో గంటలో సగం నడిచింది అని, అంటే రెండున్నర అని. మనం అయిపోయిన గంట మీద అర కలుపుతాం, వాళ్ళు రాబోయే గంటని చూసి చెబుతారు.

టైం ఇచ్చినవాళ్ళంతా అయిపోయేదాకా కూర్చోమన్నారు. వాళ్ళ తప్పేం లేదు. పాప చెవి మీద చెయ్యి పెట్టుకుని నా భుజం మీద ఏడుస్తూనే ఉంది. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన ఏదో అడిగాడు, ముందు మమ్మల్ని పంపిస్తాననే అనుకుంటా. నేను నవ్వి తల ఊపాను, ఆయన ఊరుకున్నాడు. దానికి చెవి నొప్పెడుతోంది అన్న ఒక్క వాక్యం నా దగ్గర లేదు. ఇంగ్లీషులో చెప్పానుగానీ ఆ గదిలో దానికి విలువ లేకపోయింది. ఇంటికొచ్చాక పాప మందు వేసుకుని నిద్రపోయింది, నాకు పట్టలేదు. మర్నాడే కోర్సు సంగతి కనుక్కోమని మావారిని అడిగాను.

నేను చేరింది ఇంటిగ్రేషన్ కోర్సు, అంటే బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళకి భాషా, దేశం సంగతులూ నేర్పేది. 45 నిమిషాల పాఠాలు మొత్తం 700. అందులో 600 భాషకి, మిగతా 100 ఆ దేశపు చట్టం, చరిత్ర, బతికే పద్ధతి తెలుసుకోవడానికి. భాషకి చివర ఒక పరీక్ష, దేశం గురించి ఇంకో పరీక్ష. రెండోదాంట్లో 33 ప్రశ్నలు, 15 సరిగ్గా రాస్తే చాలు. ఆ 33 ఏ 310 ప్రశ్నల్లోంచి వస్తాయో అవన్నీ ముందే అందరికీ అందుబాటులో ఉంటాయి, చదువుకుని వెళ్ళొచ్చు. భయపడాల్సింది దానికి కాదు.

క్లాసులో సిరియా నుంచి వచ్చిన దర్జీ, ఉక్రెయిన్ నుంచి వచ్చిన లెక్కల టీచరమ్మ, టర్కీ నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళు ఇల్లు చూసుకుని ఇప్పుడు చదువుకుంటున్న ఒకావిడ. మాలో సగం మందికి ఇంగ్లీషు రాదు. అందుకని మా టీచరు ఇంగ్లీషు మాట వాడేది కాదు. నాకది మొదట్లో చాలా కష్టమైంది. తర్వాత అర్థమైంది, నాకు జరిగిన మేలు అదేనని.

ఒకరోజు బోర్డు మీద రెండు వాక్యాలు రాసింది. ఊళ్ళోకి వెళ్తున్నాను అంటే "ఇన్ డీ ష్టాట్". ఊళ్ళో ఉన్నాను అంటే "ఇన్ డేర్ ష్టాట్". ఇన్ అన్న మాట మారలేదు, పక్కన డీ కాస్తా డేర్ అయింది. ఎందుకు మారిందో ఇంగ్లీషులో ఆలోచిస్తే నాకు రెండు రోజులు అంతు చిక్కలేదు. తెలుగులో ఆలోచిస్తే ఏముంది, ఊళ్ళోకి, ఊళ్ళో. గదిలోకి అంటే "ఇన్స్ ట్సిమ్మర్", గదిలో అంటే "ఇమ్ ట్సిమ్మర్". మనం చిన్నప్పుడు మాట నేర్చిన రోజు నుంచీ చేస్తున్న తేడా ఇది. మీ మీ భాషల్లో ఇంట్లోకి, ఇంట్లో అనే మాటలు చెప్పండని టీచరు అడిగితే టర్కీ ఆవిడా రెండు వేరు మాటలు చెప్పింది, ఉక్రెయిన్ ఆవిడా చెప్పింది. ఆ రోజు క్లాసులో మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్న తీరు ఇప్పటికీ కళ్ళముందుంది.

ఇది అన్నిచోట్లా పనిచేయదు, అదీ చెప్పాలి. బల్ల మీద పుస్తకం పెట్టు, బల్ల మీద పుస్తకం ఉంది అంటాం. మనకి రెండూ "మీద"నే. జర్మన్‌లో పెట్టేటప్పుడు "ఆఉఫ్ డేన్ టిష్", ఉన్నప్పుడు "ఆఉఫ్ డేమ్ టిష్". ఇక్కడ నేను చాలాకాలం తప్పు చేశాను. పిల్లి బల్ల మీదికి ఎక్కింది అన్నప్పటి "మీదికి"ని గుర్తు చేసుకుని సరిచేసుకున్నాను.

ఇక అసలు సంగతి "నాకు". నాకు చలేస్తోంది, నాకు నచ్చింది, నాకు కళ్ళు తిరుగుతున్నాయి అంటాం కదా. ఈ మాటల్లో మనం "నేను" అనం. జర్మన్‌వాళ్ళూ అనరు. "మిర్ ఇస్ట్ కాల్ట్", "ఎస్ గెఫెల్ట్ మిర్", "మిర్ ఇస్ట్ ష్విండ్లిక్". మిర్ అంటే నాకు. ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవాళ్ళు ఐ యామ్ కోల్డ్ నుంచి "ఇష్ బిన్ కాల్ట్" అంటారు. అలా అంటే మనసులో ప్రేమ లేని మనిషినని వినిపిస్తుంది. పేషెంటు "మిర్ ఇస్ట్ ష్లెష్ట్" అంటే నాకు వికారంగా ఉంది, వాంతి వచ్చేలా ఉంది అని. "ఇష్ బిన్ ష్లెష్ట్" అంటే నేను చెడ్డదాన్ని అని. ఈ రెండూ డాబా మీద రాసి చూపిస్తే పిన్నిగారి అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసింది. "వార్డులో ఇది పొరపాటుగా వింటే ఎలా అక్కా?" అంది. నర్సుకి రావాల్సిన అనుమానం అది. నాకు చాలా సంతోషమేసింది.

అప్పుడే దానికి నా చెవి వాక్యం కూడా రాసిచ్చాను. "ఈర్ టూట్ డాస్ ఓర్ వే." ఈర్ అంటే దానికి. ఓర్ అంటే చెవి. దానికి చెవి నొప్పెడుతోంది. ఆ రోజు ఆ గదిలో నేను తెలుగులో అనుకున్న వాక్యం కట్టు అదే, ఎదురుగా కూర్చున్న పెద్దాయన భాషలోనూ అదే కట్టు. మధ్యలో ఇంగ్లీషు దగ్గర ఆగిపోయాను.

క్రియ చివరికి వెళ్ళడం గురించి అందరూ టెన్షన్ పడతారు. నాకు జ్వరం ఉంది కాబట్టి అని చెప్పాలంటే "వైల్ ఇష్ ఫీబర్ హాబె", హాబె చివర్లో. మా టీచరు ఇలాంటి వాక్యాల్లో క్రియ దగ్గర చప్పట్లు కొట్టించేది. తెలుగువాళ్ళకి క్రియ చివర్లో రాకపోతేనే వింత. వైల్ అన్న మాట ముందుకి రావడం ఒక్కటి అలవాటు చేసుకుంటే సరిపోతుంది. మీరు, నువ్వు అన్న తేడా కూడా మనకి చెప్పక్కర్లేదు, జీ అంటే మీరు, డూ అంటే నువ్వు.

పలకడంలో మనకి పుట్టుకతో వచ్చిన అక్షరం ఒకటుంది. చీరలో చ వేరు, చాలులో చ వేరు. ఒకసారి పైకి అని చూడండి. పాత నిఘంటువుల్లో ఈ రెండో చ మీద చిన్న గుర్తు పెట్టేవారు, ఇప్పుడు రాతలో పోయిందిగానీ మన నోట్లో ఉంది. జర్మన్ జెడ్ అక్షరం పలికేది సరిగ్గా ఆ చాలులో చ. హోటల్లో తినడం అయ్యాక బిల్లు తెమ్మనడానికి "ట్సాలెన్ బిట్టె" అంటారు. పిన్నిగారి అమ్మాయి దాన్ని జ అనేది. "ఇంకొంచెం పెట్టనా అంటే ఏమంటావు?" అని అడిగాను. "చాలు" అంది. "ఆ చా తోనే లెన్ అను." అంతే, వచ్చేసింది.

రానిది ఊ కాని ఊ. నోట్లో ఈ అంటూ పెదాలు ఊ కి పెట్టినట్టు గుండ్రంగా పెట్టాలి. నేనుండే ఊరి పేరులోనే ఉంది, నాకు ఏడాది పట్టింది. పోనీ అది వచ్చిందనుకుంటే బయట అక్కడి యాస వేరే. పుస్తకంలో బ్రోట్షెన్ అని నేర్పిన బన్నుని అక్కడి పాతకాలం మనుషులు వెగ్లా అంటారు. ట, ప లని మెత్తగా డ, బ లకి దగ్గరగా పలుకుతారు. శ్రీకాకుళం నుంచి మా వీధికి కాపురానికొచ్చిన పెద్దమ్మ మాట నాకు మొదటి నెల ఎలా ఉండేదో అలాగే ఉండేది.

లింగం మాత్రం కష్టమే. గిన్నె "డేర్ టోప్ఫ్", పెనం "డీ ప్ఫానె", కత్తి "డాస్ మెస్సర్". అంటే పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం. ఆ పిల్ల నీలం, ఎరుపు, ఆకుపచ్చ కాగితాలు కత్తిరించి వంటింట్లో అన్నింటికీ అంటించేసింది. మొన్న కాఫీ కోసం వెళ్తే పిన్నిగారు ఎర్ర కాగితం ఉన్న పెనం చేత్తో పట్టుకుని నన్ను ఆపారు. "అమ్మాయ్, ఇది ఆడదైతే పక్కనున్న గిన్నె మగదా? ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. పెనం అంచున దోసెల నూనె అంటి ఆ కాగితం సగం తడిసిపోయింది, డీ అన్న అక్షరం మాత్రం కనిపిస్తోంది. దీనికి కారణం ఏం చెప్పను? మాటతోపాటే బట్టీ పట్టాలి, వేరే దారి నాకు దొరకలేదు. అమ్మాయి అనే "మేడ్షెన్" నపుంసకం అంటే మాత్రం పిన్నిగారు ఆశ్చర్యపోలేదు. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అని మనమూ ఒకేలా అంటాంగా అన్నారు. ఆవిడ పదో తరగతి దాకే చదివారు, ఈ పోలిక నాకు నాలుగేళ్ళుగా తట్టలేదు.

అంకెల దగ్గర మాత్రం ఆ పిల్లని రోజూ కూర్చోబెడుతున్నాను. ఎనభై ఏడుని వాళ్ళు ఏడూ ఎనభై అంటారు. వింటూ వింటూ రాస్తే 78 అయిపోతుంది. బీపీ, మందు మోతాదు, గది నంబరు, అన్నీ ఆ పిల్ల చెవితో విని రాయాల్సినవే. మాట పూర్తిగా విన్నాకే చెయ్యి కదపమని చెబుతున్నాను. పది అంకెలు చదివితే మొదటి వారం నాలుగు తప్పులు, నిన్న ఒకటి. గంటలు కూడా అందులోనే కలిపి అడుగుతున్నాను, హాల్ప్ ద్రై తో సహా.

నా పరీక్షలో మాట్లాడే భాగానికి ఇద్దరిద్దర్ని కలిపి లోపలికి పంపారు. నాకు జోడు ఆ లెక్కల టీచరమ్మ. ఇద్దరం కలిసి ఒక పని ప్లాన్ చేసుకోవాలి. ఆవిడ ఒకచోట ఆగిపోతే నేను అందుకున్నాను, నేను తడబడితే ఆవిడ ప్రశ్న అడిగి దారి ఇచ్చింది. ఇద్దరికీ బీ1 వచ్చింది. ఆ వారం పులిహోర చేసి పట్టుకెళ్ళాను. చింతపండు గురించి జర్మన్‌లో అయిదు నిమిషాలు చెప్పాను, ఎవరూ ఫోన్ తీసి మాట వెతకలేదు.

మొన్నటి నుంచి పిన్నిగారి అమ్మాయి కొత్త నోట్‌బుక్ మొదలుపెట్టింది. జర్మన్ వాక్యం, కింద తెలుగు, పెన్నుతోనే. ఇంగ్లీషు వరస తీసేసింది. క్లాసులో మాత్రం ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలి కదా అక్కా అని అడిగింది. చెప్పు, ఇంటికొచ్చి తెలుగులో రాసుకో అన్నాను.

నేను మళ్ళీ బయల్దేరడానికి ఇంకా అయిదు వారాలుంది. విజయవాడలోనో ఇక్కడో జర్మన్ నేర్చుకుంటూ ఆ డేర్, డీ, డాస్ దగ్గర, "నాకు" దగ్గర చిక్కుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి, కుదిరినవాళ్ళు సాయంత్రం ఆరింటికి రండి. చాప పెద్దదే. ఇంట్లో పాత తెలుగు వ్యాకరణం పుస్తకం ఉంటే పట్టుకురండి, మాది ఎవరో తీసుకెళ్ళి ఇవ్వలేదు. విభక్తుల పేజీ ఉంటే చాలు.