ఆరో తరగతి సోషల్ పాఠంలో మనం

"మా టీచర్‌కి మెయిల్ పెట్టకమ్మా, ప్లీజ్" అంది మా అమ్మాయి. ఇక్కడ కాలిఫోర్నియాలో ఆరో తరగతి సోషల్‌లో ప్రాచీన నాగరికతలు చదువుతారు. ఈజిప్టు, గ్రీసు, చైనాలతో పాటు మన దేశం కూడా ఉంటుంది. ఆ పాఠం నడిచినన్నాళ్లూ, కులం మాట వచ్చినప్పుడల్లా పిల్లలంతా తనవైపే తిరిగి చూశారట.

కులం గురించి చెప్పడం తప్పని నేననను. ఆ భాగం తీసేయించాలనే తల్లిదండ్రులు కొందరున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. అది జరిగింది, ఇంకా జరుగుతోంది. నా బాధ పాఠం అక్కడితో ఆగిపోవడం గురించి. కులాన్ని ఎదిరించిన మనుషులు మా అమ్మాయి చదివిన పాఠంలో లేరు. అంబేద్కర్ 1913లో ఇదే దేశానికి వచ్చి, కొలంబియా యూనివర్సిటీలో చదివి, తర్వాత భారత రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడయ్యారు. ఆ ఒక్క సంగతి తెలిసినా ఆ పిల్లలు మా అమ్మాయిని వేరేగా చూసేవారేమో.

అమెరికా చరిత్రలోనూ మనవాళ్లు ఉన్నారు. భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. అయినా ఆయన 'తెల్లవాడు' కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాదని 1923లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ రోజుల్లోనే మన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. క్యాన్సర్‌కి ఈనాటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ తయారీ వెనక ఆయన బృందం ఉంది. భారతీయులు ఇక్కడి పౌరులు కావడానికి 1946లో చట్టం మారాల్సి వచ్చింది. పదేళ్లకే, 1956లో, దలీప్ సింగ్ సౌంద్ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు, అదీ మా కాలిఫోర్నియా నుంచే! ఇది మన గొప్ప చెప్పుకోవడం కాదు, ఈ దేశం కథే. ఇల్లినాయ్ రాష్ట్రం 2021లో ఆసియన్ అమెరికన్ల చరిత్రను బడుల్లో తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అన్ని చోట్లా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అంతవరకూ ఇంట్లో మనమే చెప్పుకుందాం అని తోటి తల్లిదండ్రులతో అంటుంటాను. కానీ తనవైపు తిరిగి చూసింది క్లాసులోని మిగతా పిల్లలు. మా ఇంట్లో చెప్పేది వాళ్లకెలా చేరుతుంది? మెయిల్ పెడితే మా అమ్మాయి ఇంకా ముడుచుకుపోతుంది. పెట్టకపోతే వచ్చే ఏడు ఇంకో పిల్లకి ఇదే పరిస్థితి.

పైగా ఆ పాఠం చదివాక తను నన్నడిగింది, "మనది ఏ కులం?" అని. పాఠంలో ఏదీ దాచకూడదని వాదించేదాన్ని కాబట్టి దాచకుండా చెప్పాలి. పేరు చెప్పడం తేలికే. ఆ పేరు వల్ల మా తాతల కాలం నుంచి మాకు దక్కినవేంటో, ఊళ్లో ఎవరికి దక్కలేదో కూడా చెప్పాలి. పదకొండేళ్ల పిల్లకి దాన్ని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.