మేడమీది వాటా ఖాళీ అయింది

మే 31, 2025, శనివారం

మా మేడమీది వాటాలో చాలాకాలంగా అద్దెకుంటున్న కుటుంబం ఈ ఉదయం ఖాళీ చేసి వెళ్లింది. జూన్‌లో బడులు తెరిచేలోగా, ఆపైన ఆషాఢం రాకముందే కొత్త ఇంట్లో పాలు పొంగించుకోవాలన్న తొందర హైదరాబాదులో అద్దెకుండేవారందరికీ ఉంటుంది కనుక, మల్కాజిగిరిలోని మా వీధిలో ఇవాళ సామాన్ల వ్యాన్లకు నిలిచే చోటు దొరకలేదు.

సామాను దిగాక ఆ కుటుంబ పెద్దా నేనూ గదులన్నీ తిరిగి చూశాము. చేరిన రోజున ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గీజరు, తాళంచెవుల వివరాలు రాసి ఇద్దరమూ సంతకాలు చేసుకున్న కాగితం దగ్గరుండడంతో వాదనకు తావు లేకపోయింది. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, ఇంకా రాని బిల్లుకు సరిపడా మొత్తాన్నీ, వాళ్లబ్బాయి చేతిలో పగిలిన వాష్‌బేసిన్ ఖరీదునూ మినహాయించుకొని మిగిలిన అడ్వాన్సు అక్కడికక్కడే బ్యాంకు ద్వారా పంపాను. "పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకుంటారేమో అనుకున్నాం, అన్నయ్యగారూ" అన్నారు ఆయన భార్య. మా పేటలో చాలామంది ఇంటివాళ్లు పట్టుకుంటారు. నాకు మాత్రం అది సబబుగా తోచదు. మనుషులు కాపురమున్న ఇంటి గోడల రంగు వెలుస్తుంది. ఇల్లు తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని చెప్పే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా మామూలు వాడకంవల్ల వచ్చే అరుగుదలను మినహాయించింది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనైతే మరమ్మతుల పట్టికే ఉంది: గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపుల మార్పిడి, వైరింగు యజమాని వంతు, కుళాయి వాషర్లు, స్విచ్చులు, కాలువ శుభ్రత అద్దెకుండేవారి వంతు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది అమలుకాదు కానీ, పంపకం న్యాయంగా ఉండడంతో మా ఒప్పందంలో నేను దాన్నే రాస్తాను.

పడమటి గది పైకప్పున చెమ్మ మరక ఈసారి పెద్దదైంది. మధ్యాహ్నం వచ్చిన మేస్త్రీ డాబా మీద రెండు బకెట్లు నీళ్లు పోయించి, అవి వాననీటి గొట్టంవైపు పోకుండా పిట్టగోడ మూలన నిలవడం చూపించాడు. అక్కడ వాలు సరిచేసి, పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగు చేయకుండా లోపల పుట్టీ పెట్టి రంగు వేయిస్తే దసరా లోపే పెచ్చులు ఊడతాయి. వానలు ముదరకముందే పై పని పూర్తిచేసి, గోడ ఆరాక రంగు వేద్దామని నిర్ణయించాము.

సాయంత్రం బ్రోకరు ఫోన్ చేశాడు. ఇప్పుడు వాటా అడుగుతున్న కుటుంబం పదహారు వేలు ఇస్తామంటోంది. కొంచెం ఆగితే పదిహేడు వేలకు తాను కుదురుస్తానని అతని మాట. ఆగడమంటే ఆషాఢం దాటేదాకా ఆగడమే, ఎందుకంటే ఆ నెలలో కొత్త ఇంటికి మారేవారు అరుదు. అదనపు వెయ్యి చొప్పున పదకొండు నెలలకు వచ్చేది 11,000 రూపాయలు కాగా, ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉంటే పోయేది 16,000. దానికితోడు బ్రోకరు అడిగే కమీషను ఉండనే ఉంది. కనుక పదహారు వేలకే సరేనన్నాను. అద్దె పెంచుకోవడం మీద ఇంటివాళ్లు పెట్టే శ్రద్ధలో సగమైనా ఖాళీ నెలలను తగ్గించడం మీద పెట్టరెందుకో నాకు అర్థం కాదు.

ఆ కుటుంబంలోని అబ్బాయికి ఉద్యోగంలో వచ్చే ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కావాలట; ఏడాది అద్దె లక్ష దాటుతోంది కనుక యజమాని పాన్ నంబరు అడిగాడు. ఇక్కడే మా ఇంటి చిక్కు ఒకటి ఉంది. ఈ వాటా నాకూ, అమెరికాలో ఉన్న తమ్ముడికీ చెరిసగం. నా ఎనిమిది వేలలో ఆ అబ్బాయి పన్ను కోయనవసరం లేదు. కానీ ప్రవాసికి చెల్లించే అద్దె ఎంత చిన్నదైనా మూలంలోనే, అంటే ఇచ్చే ముందే, అద్దెకుండేవారు పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే తమ్ముడి ఎనిమిది వేలలో 2,496 రూపాయలు. కోయకపోతే ఆదాయపు పన్ను శాఖ పట్టుకునేది అద్దెకుండేవారిని కాబట్టి, ఈ సంగతి వాళ్లు చేరిన తరువాత కాకుండా ఇప్పుడే చెప్పడం ధర్మమనిపించి చెప్పేశాను. అబ్బాయి కాస్త తటపటాయించినా, ఆ కాగితాల పని మా ఆడిటరు చేత చేయిస్తానని, ఖర్చు మేమే భరిస్తామని అన్నాక ఒప్పుకున్నాడు.

రాత్రి తమ్ముడితో మాట్లాడాను. "మొత్తం పన్నుకే పోతే నాకేం మిగులుతుంది, అన్నయ్యా?" అన్నాడు. కోసేది మొత్తం అద్దె మీదే అయినా, రిటర్నులో లెక్క వేరుగా ఉంటుందని వివరించాను. ఏడాది అద్దెలోంచి కట్టిన ఆస్తిపన్ను తీసివేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతులు చేయించినా చేయించకపోయినా మినహాయిస్తారు. ఇక్కడ వాడికి వేరే ఆదాయం లేదు కాబట్టి రిటర్ను వేస్తే కోసినదంతా వెనక్కి వస్తుంది. తక్కువ కోతకు ముందుగానే ధ్రువపత్రం తీసుకునే వీలూ ఉంది. దానికి దరఖాస్తు పెట్టమన్నాను. ఆస్తిపన్ను ఏప్రిల్‌లోనే కట్టి నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఇచ్చిన అయిదు శాతం రాయితీ పొందాను కనుక ఆ రసీదు కూడా పంపాను.

ఒప్పందం ఎప్పటిలాగే పదకొండు నెలలకు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది మించిన కౌలు పత్రాలకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిందన్న లెక్కతో అందరూ అక్కడే ఆగుతారు కానీ, 1999 సవరణ తరువాత మన రాష్ట్రంలో గడువుతో పని లేకుండా ప్రతి కౌలు పత్రాన్నీ రిజిస్టరు చేయించాల్సిందే. ఈసారి అందులో రెండు షరతులు కొత్తగా చేర్చాను: బోరు మోటారు కరెంటు బిల్లును రెండు వాటాలూ సమానంగా పంచుకోవాలి; వేసవిలో నీళ్ల ట్యాంకరు తెప్పిస్తే దానికీ అదే లెక్క. డాబా పని ముగిశాక రంగు వేయించి జూన్ పదిహేనున తాళాలు ఇవ్వాలని మాట అయింది. అద్దె కూడా ఆ తేదీనుంచే మొదలవుతుంది.