ఇంజినీరింగ్ పిల్లలు తొలి బిల్లు రాయాలి

ఇంజినీరింగ్‌లో ఆంట్రప్రెన్యూర్‌షిప్ నేర్పాలన్న మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "ఇంకో సబ్జెక్టు పెడదాం" అంటారు. నేను ఒప్పుకోను. కావాల్సినవన్నీ జేఎన్‌టీయూ అనంతపురం 2023లో తెచ్చిన ఆర్23 సిలబస్‌లోనే ఉన్నాయి. రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో డిజైన్ థింకింగ్ అండ్ ఇన్నోవేషన్, అంటే వాడేవాళ్ల సమస్య పట్టుకుని దానికి పరిష్కారం వెతకడం. అది కాగానే వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మూడో ఏడాది మొదట్లో వస్తువును చేత్తో తయారుచేసి చూసే టింకరింగ్ ల్యాబ్. అదే సెమిస్టర్‌లో వేరే బ్రాంచి నుంచి ఎంచుకునే సబ్జెక్టు (ఓపెన్ ఎలెక్టివ్) బదులు కావాలంటే ఆంట్రప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ అండ్ వెంచర్ క్రియేషన్. ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నాయి. వాటిని చెప్పే మేమే ఎవరి దారిన వాళ్లం చెప్పుకుంటూ పోతున్నాం. డిజైన్ థింకింగ్ ఒక చార్టుతో ముగుస్తుంది. కమ్యూనిటీ ప్రాజెక్టంటే ఊళ్లో ఇంటింటికీ ప్రశ్నాపత్రం నింపి స్పైరల్ బైండింగ్ చేయించడం. టింకరింగ్ ల్యాబ్‌కొచ్చేసరికి మళ్లీ కొత్తగా వెతుక్కుంటారు, ఏం చేద్దాం మేడం అని.

నేను చిత్తూరు జిల్లాలోని ఒక కాలేజీలో మెకానికల్ పిల్లలకు పాఠాలు చెప్తాను. 2023లో చేరిన బ్యాచ్‌లో నలుగురు పిల్లలతో డిజైన్ థింకింగ్, వేసవి ప్రాజెక్టు, టింకరింగ్ ల్యాబ్ మూడింటినీ ఒకే పనికి కట్టి చూశాం. ఆ నలుగురిలో ఒకబ్బాయిది బంగారుపాళ్యం, ఒకమ్మాయిది పాకాల వైపు. ఇద్దరిళ్లలోనూ మామిడి తోటలున్నాయి. అందుకే సమస్య కోసం ఇంటర్నెట్‌లో వెతకలేదు, తోటలోకి పోయారు.

బేనీషా (బంగినపల్లి) కాయను తొడిమ లేకుండా తెంపితే సొన కారుతుంది. అది తగిలినచోట తోలు నల్లబడుతుంది, మండీలో ధర తెగ్గోస్తారు. కూలీల చేతుల్లో ఉండేది చిక్కం, అంటే కాయ పడే వల సంచి, కట్టిన గెడ. లాగితే కాయ వస్తుంది గానీ తొడిమ మిగలదు. మా పిల్లలు గెడ చివర కత్తెర లాంటి బ్లేడు పెట్టారు. కింద నుంచి తాడు లాగితే అంగుళం తొడిమతో తెగి కాయ చిక్కంలో పడాలి. వర్క్‌షాపులో ఉన్నది జీఐ పైపు కాబట్టి మొదటిది దానితోనే చేశారు. తోటలో దాన్ని ఎత్తి చూసిన పెద్దాయన ఒకటే మాట అన్నాడు: "పొద్దున్నించి మద్దేనం దాకా దీన్ని నువ్వు పట్టుకొని నిలబడు నాయనా, అప్పుడు తెలస్తాది."

గెడ పొడవు పెరిగేకొద్దీ చివరనున్న బరువు భుజం మీద ఎంతగా పడుతుందో ఆ పిల్లలు పరీక్షలో లెక్క వేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. ఆ లెక్కకు ఒక మనిషి భుజం ఉంటుందని ఆ రోజు తెలిసింది. అల్యూమినియం పైపుకు మారారు. బ్లేడు చిన్నది చేశారు, లాగే పిడిని కిందికి దించారు. ఇదంతా ఇంజినీరింగే. వ్యాపారం ఇంకా మొదలు కాలేదు.

అసలు చిక్కు ఎవరికి అమ్మాలన్నది. పిల్లలు రైతుకు అనుకున్నారు. రైతు వద్దన్నాడు, కోత ఉండేది కొన్ని వారాలు, ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టుకోను అన్నాడు. పైగా మా వైపు చాలా తోటలను వ్యాపారులు ముందే గుత్తకు తీసుకుంటారు, కోత కూలీలను పంపేది వాళ్లే. అంటే గెడ పట్టేది కూలీ, తోట రైతుది, సొన మరకకు నష్టపోయేది గుత్తదారు. డబ్బిచ్చి కొనవలసింది ఆ మూడో మనిషి. దామలచెరువు మండీలో గుత్తదారు దగ్గర కూర్చుని మాట్లాడేదాకా ఈ సంగతి మా ఎవరి బుర్రకూ తట్టలేదు. క్లాసులో వ్యాపార ఆలోచనను గళ్లల్లో నింపే ఏ బిజినెస్ మోడల్ కాన్వాస్ కాగితం మీదా ఇది కనిపించదు.

ఆయన ధర అడిగాడు. పిల్లలు చెప్పింది పైపు, బ్లేడు, తాడు, వల ఖరీదు. అందులో వెల్డింగ్ కూలి లేదు, ఆటో బాడుగ లేదు, విరిగితే మార్చి ఇచ్చే ఖర్చు లేదు. మెఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్) సబ్జెక్టులో లాభనష్టాలు సమానమయ్యే చోటు చూపే బ్రేక్ ఈవెన్ గ్రాఫు గీసిన చేతులవి. మండీలో నిలబడి నోటితో ధర చెప్పడం మరో చదువు. తిరిగి లెక్క వేసుకుని వెళ్లారు. ఆయన కొన్ని గెడలు తీసుకున్నాడు. పాకాల అమ్మాయి బిల్లు పుస్తకం తెరిచి తేదీ వేసి, సంతకం పెట్టి కాగితం చించి ఇచ్చింది. చిన్న వ్యాపారాలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదుకు రుసుమే లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలని కూడా ఆ పిల్లలకు అప్పుడే తెలిసింది.

తోతాపురి మొదలయ్యాక కథ మారింది. 2025లో తోతాపురి రైతు పడ్డ కష్టం మా జిల్లాలో అందరం చూశాం. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, కాయ కొనే ర్యాంపుల దగ్గర అడిగే దిక్కు లేదు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలిస్తే ప్రభుత్వం 4 కలుపుతుందన్నారు. అంత ధర చేతికి రాని రైతులు ఎందరో. గుజ్జుకు పోయే కాయకు సొన మరక లెక్కే కాదు. గెడలు ఆగిపోయాయి. మా పిల్లలు డీలా పడ్డారు గానీ, సరుకు ఎంత బాగున్నా కొనేవాడి చేతిలో డబ్బు ఆడకపోతే అమ్ముడుపోదని తెలుసుకున్నారు. మార్కెట్ రిస్క్ అని పాఠంలో రెండు లైన్లుంటుంది. వాళ్లకు అది ఒక ఊరి ముఖం.

టింకరింగ్ ల్యాబ్‌లో ఈ పని చూపించినప్పుడు బయటి నుంచి వచ్చిన ఒకాయన "ఇందులో ఐఓటీ ఎక్కడుంది?" అని అడిగారు, అంటే ఇంటర్నెట్‌కు కలిపే సెన్సర్లేవీ లేవేమని. బిల్లు పుస్తకం తిప్పి చూడలేదు. నాకు చాలా బాధనిపించింది. ముక్కూమొహం తెలియని మనిషి తన జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడంటే, అంతకంటే గట్టి పరీక్షను మనం ఏ హాల్లో పెట్టగలం?

కేరళ 2014లోనే విద్యార్థి వ్యాపారులకు 20 శాతం హాజరు, 4 శాతం గ్రేస్ మార్కులు ఇచ్చింది. హాజరు విషయంలో నేను ఆ దారినే ఒప్పుకుంటాను. మా పిల్లల్లో ఎక్కువమందికి ఫీజు రీయింబర్స్‌మెంటే ఆధారం, దానికి 75 శాతం హాజరు కావాలి. బేనీషా కోత, సెమిస్టర్ పరీక్షలు ఒకేసారి వచ్చి పడతాయి. మండీకి పోయిన ఉదయం బయోమెట్రిక్‌లో గైర్హాజరే. "రీయింబర్స్‌మెంట్ పోతే యాడ తెచ్చేది మేడం?" అని ఒక తండ్రి అడిగితే నా దగ్గర జవాబు లేదు. గ్రేస్ మార్కులు మాత్రం వద్దు. ఇది దయతో ఇచ్చేది కాకూడదు, సబ్జెక్టు మార్కుల్లోనే ఉండాలి.

అదే తండ్రి ఇంకో మాటా అన్నాడు, బీటెక్ చదివించింది గెడలు అమ్ముకోడానికా అని. ఆయనకు గల్లా రామచంద్ర నాయుడు గారి సంగతి చెప్పాను. మన పేటమిట్ట ఊరాయన, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనే ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో ఏళ్లపాటు ఉద్యోగం చేసి వచ్చి 1985లో కరకంబాడిలో బ్యాటరీల కంపెనీ అమరరాజా పెట్టారు. మీ అబ్బాయి రేపే కంపెనీ పెట్టాలని నేను అనడం లేదు, ఉద్యోగానికి పోనీయండి, నలభయ్యో ఏట పెట్టాలనిపిస్తే ఆ రోజుకు ఈ అనుభవం ఉండనీయండి అన్నాను. ఆయన ఒప్పుకున్నాడని చెప్పలేను. విన్నాడు.

ఈ ఏడు మా డిపార్ట్‌మెంట్‌లో డిజైన్ థింకింగ్‌లో పట్టుకున్న సమస్యనే వేసవి ప్రాజెక్టుకు, టింకరింగ్ ల్యాబ్‌కు తీసుకుపోవాలని అనుకున్నాం. ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని బిల్లుకు, కొన్ని వద్దన్న కొనుగోలుదారు చెప్పిన కారణానికి. రెండోది ముఖ్యం, లేకపోతే పిల్లలు మేనమామకు అమ్మి బిల్లు తెస్తారు. కొత్త వ్యాపార ఆలోచనలకు చేయూతనిచ్చేందుకు 2025లో వచ్చిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు తిరుపతిలోనూ శాఖ ఉంది. అక్కడికి పంపేది కొనేవాడు దొరికాకే. పోటీల్లో స్లైడ్లు చూపించి కప్పులు తెచ్చుకోవడం మీద నాకు ఆశ లేదు.

హాజరు సంగతి ఇంకా తేలలేదు, అడుగుతూనే ఉన్నాం. ఈలోపు నగరిలో మరమగ్గాల షెడ్లు నడిపేవాళ్లు, దామలచెరువు మండీ వాళ్లు, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లు, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మాకు డబ్బు వద్దు, మెమెంటో ఇచ్చే ప్రసంగం వద్దు. నలుగురు పిల్లల్ని వేసవిలో మీ పని జరిగేచోట కూర్చోనివ్వండి. వాళ్లు చేసింది నచ్చకపోతే కొనకండి, ఎందుకు నచ్చలేదో మాత్రం మొహం మీదే చెప్పండి.