తేదీ చెప్పలేని నాకు బాప్తిస్మం

పోయిన ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాను. నాకు 38 ఏళ్లు. నాకంటే ముందు అదే తొట్టిలోంచి నా 15 ఏళ్ల కూతురు పైకి వచ్చింది. మొదటిసారి నేను బాప్తిస్మం అడిగినప్పుడు నాకు 22. మధ్యలో 16 ఏళ్లు ఎలా పోయాయో మనసులో పచ్చిగా ఉన్నప్పుడే రాసేయాలని కూర్చున్నాను.

దరఖాస్తు ఒక పేజీ. పది నిమిషాల్లో అయిపోయింది. క్లాసులు ఎనిమిది వారాలు. మాకు చెప్పిన పెద్దావిడ దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. క్లాసు ఉంటే ఒక్కటి కూడా మానకండి. బాప్తిస్మం అనే మాట గ్రీకులోంచి వచ్చిందనీ, ముంచడం అనేదే దాని మూలార్థమనీ ఆవిడ చెప్పారు. 'దిదాఖే' అనే తొలినాటి క్రైస్తవుల పుస్తకం గురించీ చెప్పారు. వీలైతే పారే నీళ్లలో ఇవ్వాలట. అవి లేకపోతే వేరే నీళ్లలో, చల్లనివి కుదరకపోతే వెచ్చనివి, అంత నీరే లేకపోతే తలమీద మూడుసార్లు పోసినా చాలట. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ముందు ఉపవాసం ఉండాలట. నీళ్ల గురించి అంత ఉదారంగా ఉన్న ఆ తొలి విశ్వాసుల మీద నాకు గౌరవం కలిగింది. మునకా చిలకరింపా అని సంఘాలు విడిపోయేదాకా పోట్లాడుకున్నవాళ్లు ఆ నాలుగు వాక్యాలూ ఒకసారి చదివితే బాగుండును.

మా క్లాసులో పసిపాపగా జ్ఞానస్నానం పొందిన ఒకమ్మాయి ఉండేది. మళ్లీ తీసుకోవాలా అని ఏడ్చేది. కేథలిక్కులు, లూథరన్లు, ఆర్థడాక్స్ వాళ్లు పసిపిల్లలకు ఇస్తారు. ఆర్థడాక్స్ వాళ్లయితే పసిబిడ్డనే మూడుసార్లు ముంచుతారు. వాళ్ల దృష్టిలో అది దేవుడు ముందుగా చేసే పని, బిడ్డ అర్థం చేసుకోవడం తర్వాత. విశ్వసించినవాళ్లకే ఇవ్వాలనే మా సంఘం దానిని లెక్కలోకి తీసుకోదు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో ప్రభువు ఒక్కడే, విశ్వాసమొక్కటే, బాప్తిస్మమొక్కటే అని ఉంది. ఆ ఒక్కటి ఏదన్నదే ఆ అమ్మాయి ప్రశ్న. చివరికి ఆమె తీసుకోలేదు. ఆమెను తప్పుపట్టిన వాళ్లమీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక అసలు సంగతికొస్తాను. పెద్దల ముందు కూర్చోవడం.

22 ఏళ్లప్పుడు వేరే సంఘంలో ముగ్గురు పెద్దలు వరసగా కూర్చున్నారు. ఒకాయన చేతిలో గళ్లు గీసిన పుస్తకం. మొదటి గడి పేరు, రెండోది పుట్టిన తేదీ, మూడోది రక్షణ పొందిన తేదీ, అంటే పాపం ఒప్పుకుని యేసును నమ్ముకున్న రోజు. "ఏ రోజు రక్షించబడ్డావు తల్లీ?" అని అడిగారు. నేను నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. నాకు తేదీ లేదు. మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ప్రార్థన చేస్తుంటే ఆవిడ కొంగు పట్టుకుని వినేదాన్ని. అక్షరాలు రాకముందే కీర్తనలు నోటికి వచ్చేవి. యేసుప్రభువు లేని రోజు ఒకటి గుర్తుంటే కదా, ఆయన వచ్చిన రోజు చెప్పడానికి! ఇదంతా చెప్పబోయాను. ఆయన కలం పెట్టేసి, "అది ఇంట్లో అలవాటమ్మా. అనుభవం వచ్చాక రా" అన్నారు. గది తలుపు దాకా నడుస్తుంటే వెనకాల ఇంకొకాయన, పుట్టుకతో క్రైస్తవులందరిదీ ఇదే జబ్బు అని గట్టిగానే అన్నారు. బయట వరండాలో మిగతావాళ్లు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్లందరికీ వినిపించింది.

నాతోపాటు వెళ్లిన స్నేహితురాలు మాత్రం నెగ్గింది. నాకూ సలహా ఇచ్చింది. "ఏదో ఒక తేదీ చెప్పెయ్యవే. వాళ్లేమైనా వెళ్లి చూస్తారా?" అంది. అది నావల్ల కాలేదు. పాత మనిషిని పాతిపెట్టే నీళ్లలోకి అబద్ధం చెప్పి దిగడమెలా? రోమా పత్రిక ఆరో అధ్యాయం నాకు అప్పటికే కంఠస్థం. ఇప్పటికీ ఒక్క అక్షరం తప్పకుండా చెప్పగలను. క్రీస్తుతో కూడ పాతిపెట్టబడటం, ఆయనతో లేవడం అన్నది అక్కడే ఉంది.

ఆ తర్వాత ప్రతి నెలా శిక్ష పడినట్టే ఉండేది. యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల ఆరాధనలో రొట్టె పళ్లెం వరసలో వస్తుంది. బాప్తిస్మం లేనివాళ్లు తీసుకోకూడదు, అందుకుని పక్కవాళ్లకి ఇవ్వాలి. పక్కనున్నవాళ్లు ఒక్క క్షణం నా చేతివైపు చూసేవాళ్లు. పెళ్లయింది, సంఘం మారింది, పిల్లలు పుట్టారు. పళ్లెం అందుకుని పక్కకి ఇవ్వడం మాత్రం మారలేదు. ఇంకెప్పుడైనా అడుగుదామంటే ఆ వరండా గుర్తొచ్చేది.

కదిలించింది నా కూతురు. యువజన కూడికలో ఒక రాత్రి ఏడ్చి ప్రార్థించుకుందట. ఇంటికొచ్చి, "అమ్మా, నేను బాప్తిస్మం తీసుకుంటా. నువ్వెందుకు తీసుకోలేదు?" అని అడిగింది. బిడ్డకు అబద్ధం చెప్పలేక ఇద్దరం కలిసే పేరు ఇచ్చాం.

ఈసారి సిద్ధపడి వెళ్లాను. బైబిల్లో తొలి సంఘాల కథ చెప్పే అపొస్తలుల కార్యములు మొత్తం ఒక నోటుబుక్కులోకి ఎక్కించాను. బాప్తిస్మం వచ్చిన ప్రతిచోటా ఏం అడిగారు, ఎంతసేపు ఆగారు అని రాసుకున్నాను. శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిన పెంతెకొస్తు రోజున వాక్యం అంగీకరించిన మూడు వేలమంది ఆ రోజే తీసుకున్నారు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే, తన ఇంటివాళ్లతో సహా. పౌలు మాటలు విన్న లూదియ అనే వర్తకురాలి విషయంలో ప్రభువు ఆమె హృదయం తెరిచాడని ఉంది. ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడైన మంత్రి రథంలో వెళ్తూ నీళ్లు చూసి, నాకు అడ్డమేమిటని తనే అడిగాడు. మనసారా నమ్మితే పొందవచ్చని, అతనికి బోధించిన ఫిలిప్పు జవాబిచ్చే 37వ వచనం అతి పాత ప్రతుల్లో లేదు. ఆ వచనాన్ని కలుపుకున్నా అక్కడ అడిగింది విశ్వాసం గురించే. తరువాతి కాలంలో సంఘాలు అభ్యర్థులను నెలల తరబడి, కొన్నిచోట్ల మూడేళ్లు కూడా సిద్ధపరిచిన మాట నిజమే. పరీక్షించడం తప్పని నేను అనను. అయితే అప్పుడు చూసింది వాళ్ల నడవడి, విధవరాళ్లను ఆదుకున్నారా, రోగులను పరామర్శించారా అని.

ముందు నా కూతురిని పిలిచారు. అయిదు నిమిషాల్లో నవ్వుతూ బయటికొచ్చింది. దానికి తేదీ ఉంది. తర్వాత నేను. సంఘం వేరు, మనుషులు వేరు, పుస్తకం మాత్రం అలాంటిదే. మూడో గడి దగ్గర కలం ఆగింది.

"తేదీ లేదండీ" అన్నాను.

"గుర్తు తెచ్చుకోండి సహోదరీ. పౌలు గారికి దమస్కు మార్గంలో ప్రభువు కనబడిన రోజు ఉంది కదా" అన్నారొక పెద్దాయన.

"ఆ పౌలు గారే తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో, నీ విశ్వాసం మొదట మీ అవ్వ లోయిలో, మీ అమ్మ యునీకేలో ఉండేదన్నారు. పసితనం నుంచీ లేఖనాలు తెలుసన్నారు. తిమోతిని తేదీ అడగలేదండీ. నాది తిమోతి దారి."

గొంతు వణికింది గానీ ఆపలేదు. ఈ రోజు ఎవరిని నమ్ముతున్నానో చెప్పాను. ఏ పాపం ఒప్పుకుని విడిచిపెట్టానో, ఎవరిని క్షమించడానికి ఇంకా పెనుగులాడుతున్నానో చెప్పాను. ఒకాయన మంచిమనసుతోనే, పోనీ ఈ రోజు తేదీ వేద్దామా అన్నారు. వద్దన్నాను. అది నిజం కాదు. పాస్టరు గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పుస్తకం తనవైపు తిప్పుకుని, మూడో గడి వదిలేసి నాలుగో గడిలో బాప్తిస్మం తేదీ రాశారు. వరండాలోకి వచ్చి కూతురిని పట్టుకుని ఏడ్చాను.

మీకూ తేదీ లేకపోతే కల్పించకండి. అడిగేవాళ్లు కసురుకుంటే తిమోతి పత్రిక తెరిచి పెట్టండి. మీరు పెద్దలైతే వరండాకి వినపడేలా మాట్లాడకండి, దయచేసి.

మిగతావి చిన్న విషయాలు. ముదురు రంగు మందపాటి బట్టలు వేసుకోండి, పైకి తేలకుండా కింది అంచుకి పిన్నులు పెట్టుకోండి. ఇంకో జత, రెండు తువ్వాళ్లు దగ్గరుంచుకోండి. ముక్కు మీరే పట్టుకోండి, మోకాళ్లు కొంచెం వంచండి, వెనక్కి వాలేటప్పుడు బిగుసుకోకండి. పాస్టరు గారి చెయ్యి వీపు కింద ఉంటుంది.

తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామములోనికి అన్నంతవరకే విన్నాను. ఆ తర్వాత చెవుల నిండా నీళ్లు. పైకి లేచాక మొదట కనిపించింది మెట్టు మీద తువ్వాలు పరిచి పట్టుకుని నిలబడ్డ నా కూతురు, దాని జుట్టులోంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

ఆ ఉదయమే ప్రభువు బల్ల కూడా ఉంది. తడి జుట్టుతోనే ఇద్దరం వెళ్లి కూర్చున్నాం. పళ్లెం వరసలో వచ్చింది. నా కూతురు ముందు తీసుకుని నాకు ఇచ్చింది. నేను తీసుకుని పక్కవాళ్లకి ఇచ్చాను.