రెండు ఫేజుల (రెండు రోడ్లకు వంతులవారీ పచ్చ) కూడలికి డయల్ అమర్చడం

చెన్నై పెరంబూరులోని మా బావగారి వర్క్‌షాప్‌కు చేరిన పాత అమెరికన్ ఎలక్ట్రోమెకానికల్ ట్రాఫిక్ సిగ్నల్ కంట్రోలర్‌లో, సింక్రనస్ మోటారు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి వేగం ఉండేది) తిప్పే డయల్ ఒక చుట్టు తిరిగితే ఒక సైకిల్, అంటే దీపాల ఒక పూర్తి వరుస, పూర్తవుతుంది. డయల్ అంచున బిగించిన తాళాలు (‘కీ’లు అనే చిన్న ముక్కలు) స్విచ్‌ను తాకిన ప్రతిసారీ కామ్‌షాఫ్ట్ (దీపాల స్విచ్‌లను నడిపే ఇరుసు) ఒక మెట్టు ముందుకు జరిగి, ఏ దీపం వెలగాలో నిర్ణయిస్తుంది.

తాళాల స్థానాలు సెకన్లలో కాక సైకిల్‌లో శాతాల్లో ఉంటాయి. మేము 0, 45, 50, 52, 93, 98 వద్ద బిగించాము. 60 సెకన్ల సైకిల్‌లో ప్రధాన రోడ్డుకు 27 సెకన్ల పచ్చ, 3 సెకన్ల పసుపు, ఆపై రెండు వైపులా కాసేపు ఎరుపు, తరువాత అడ్డరోడ్డు వంతు.

అయితే 60 హెర్ట్జ్ కోసం చేసిన మోటారు మన 50 హెర్ట్జ్ కరెంటుపై నెమ్మదిగా తిరుగుతుంది కనుక, సైకిల్ 72 సెకన్లకూ, పసుపు 3.6కూ సాగుతాయి. “సైకిల్ నిడివిని నిర్ణయించే గేరు మారిస్తే సరిపోతుంది కదండీ?” అని బావగారితో అన్నాను. సరిపోతుంది, కానీ మన కరెంటుపై 90 సెకన్ల సైకిల్ వచ్చే గేరు వేస్తే పసుపు కూడా 4.5 సెకన్లవుతుంది, దాన్ని తగ్గించాలంటే తాళాలను మళ్లీ జరపవలసిందే. నా దృష్టిలో ఈ యంత్రానికున్న అసలైన పరిమితి ఇదే.